బేగంపేట నుంచి శంషాబాద్ వరకు: విమానయానసంస్థల ధ్యేయం, మనుగడ - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ప్రతి వ్యాపారసంస్థా తన ధ్యేయాన్ని, దృక్పథాన్ని ప్రకటించుకోవడం నేడు సర్వసాధారణమైంది. ఆ ప్రకటనకూ సంస్థ జయాపజయాలకూ గల సంబంధం ఎటువంటిదన్న ప్రశ్నను హైదరాబాదు విమానయానచరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. బేగంపేట కేంద్రంగా నడిచిన దక్కన్ ఎయిర్‌వేస్, శంషాబాద్ కేంద్రంగా నడిచిన ట్రూజెట్ ఇందులో ప్రధాన పరిశీలనాంశాలు. ఎయిర్ దక్కన్, ఎయిర్ కోస్టా, ఇండిగో సంస్థల అనుభవాలను పోలికకోసం స్వీకరించడం జరిగింది. ధ్యేయం సంస్థకు దారి చూపుతుంది. ఆ దారిలో ఎదురయ్యే నష్టాన్ని భరించే ఏర్పాటు ఉన్నంతకాలమే ఆ ధ్యేయం ఆచరణలో నిలుస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హైదరాబాదు, బేగంపేట, శంషాబాద్, దక్కన్ ఎయిర్‌వేస్, ట్రూజెట్, ఉడాన్, ప్రాంతీయ విమానయానం, సంస్థాధ్యేయం.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు పౌరవిమానయానచరిత్రలో 2008 మార్చి 23 ఒక విభజనరేఖ. ఆనాటితో బేగంపేట విమానాశ్రయంలో వాణిజ్యవిమానాల రాకపోకలు ఆగి, శంషాబాద్‌లోని రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో మొదలైనాయి. సుమారు 5,500 ఎకరాల విస్తీర్ణంలో, ప్రభుత్వ - ప్రైవేటు భాగస్వామ్యంలో ఈ విమానాశ్రయం నిర్మితమైంది. విమానాశ్రయం తరలిన తీరు గురించి, నగరం దక్షిణదిశగా విస్తరించిన తీరు గురించి పత్రికలలోను, పరిశోధనలలోను కొంత చర్చ జరిగింది. ఈ రెండు విమానాశ్రయాలను ఆధారం చేసుకొని పుట్టిన విమానయానసంస్థల గురించి తెలుగులో జరిగిన చర్చ మాత్రం స్వల్పం.

నిర్వహణశాస్త్ర గ్రంథాలు విమానయానసంస్థ విజయానికి స్పష్టమైన ధ్యేయం మూలమని చెబుతాయి. ఇందుకు ఉదాహరణగా తరచు అమెరికాలోని సౌత్‌వెస్ట్ సంస్థను చూపుతాయి. అయితే విజయం పొందిన సంస్థలను మాత్రమే ఎన్నుకొని, వాటి ధ్యేయమే విజయకారణమని చెప్పడంలో ఒక లోపం ఉంది. అంతే స్పష్టమైన ధ్యేయంతో మొదలై మూతపడిన సంస్థలు ఆ లెక్కలోకి రావు. హైదరాబాదు చరిత్రలో ఈ రెండు రకాల సంస్థలూ కనిపిస్తాయి. కాబట్టి ఈ ప్రశ్నను పరిశీలించడానికి ఇది అనువైన క్షేత్రం.

2. ధ్యేయం, విజయం: పదాల నిర్ధారణ

ఈ వ్యాసంలో ‘ధ్యేయం’ అనే పదాన్ని సంస్థ తన ఉనికికి చెప్పుకొనే కారణం అనే అర్థంలో వాడడమైంది. ఎవరికోసం, ఏ ఊళ్లమధ్య, ఏ ధరకు విమానాలు నడపాలనే నిర్ణయాలలో అది వ్యక్తమవుతుంది. ప్రచారపత్రంలోని వాక్యం ఒక్కటే ధ్యేయానికి ఆధారం కాజాలదు. మాటలు కోటలు దాటినా కాళ్లు గడప దాటవన్న సామెత సంస్థలకూ వర్తిస్తుంది. అందువల్ల మార్గాలు, విమానాల రకం, ఛార్జీలు, సిబ్బంది నియామకాలు అనే నాలుగింటిని ధ్యేయానికి ఆచరణరూపమైన సాక్ష్యాలుగా గ్రహించడమైంది.

‘విజయం’ అనే పదానికీ నిర్ధారణ అవసరం. లాభం ఒక కొలత. మనుగడ మరొక కొలత. సంస్థ ఏ ప్రజలకోసం పుట్టానని చెప్పిందో ఆ ప్రజలకు ఆ సేవ నిలకడగా అందిందా అన్నది మూడవ కొలత. ఈ మూడూ ఒకచోట కలవడం అరుదు.

3. దక్కన్ ఎయిర్‌వేస్: ఒకే ఛత్రం కింద రవాణా

3.1 నేపథ్యం

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీనుంచి బొంబాయికి తపాలావిమానం నడిపారు. ఆ తపాలామార్గం బొంబాయినుంచి బళ్లారి మీదుగా మద్రాసు చేరింది. నాటి మద్రాసు రాజధానిలోని దత్తమండలాలలో బళ్లారి ఒక భాగం. తరువాతి కాలంలో ఆ మార్గం బళ్లారికి బదులుగా హైదరాబాదు మీదుగా సాగింది.

అదే 1932లో హైదరాబాదు సంస్థానంలో మరొక రవాణాప్రయత్నం ఆరంభమైంది. ప్రభుత్వ యాజమాన్యంలోకి వచ్చిన నిజాం స్టేట్ రైల్వే ఒక రోడ్డురవాణాశాఖను నెలకొల్పి 27 బస్సులు, 166 మంది సిబ్బందితో సేవలు మొదలుపెట్టింది. నేటి ఆర్టీసీలకు మూలం ఇదే. రైలుకు బస్సు పోటీ కాదు, రైలు పోలేని చోటికి ప్రయాణికుడిని చేర్చే కొనసాగింపు అన్నది ఆ ఏర్పాటులోని దృక్పథం. సంస్థానంలో పౌరవిమానయానం కూడా ఈ రైల్వే పరిపాలనతో ముడిపడి పెరిగింది. అంటే రైలు, బస్సు, విమానం మూడూ ఒకే రవాణావ్యవస్థలోని అంగాలనే భావన హైదరాబాదులో విమానసంస్థ పుట్టకముందే ఉంది.

3.2 సంస్థ నిర్మాణం, ధ్యేయం

ఈ నేపథ్యంలో 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ లిమిటెడ్ ఏర్పడింది. ఇందులో నిజాం పక్షానికి 71 శాతం, టాటాలకు 29 శాతం వాటాలు ఉండేవి. ఈ నిష్పత్తి ఆ సంస్థ స్వభావాన్ని తెలియజేస్తుంది. సాంకేతికానుభవం టాటాలది, నిర్ణయాధికారం సంస్థానానిది. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక మిగులు సైనికవిమానాలుగా చౌకగా దొరికిన డకోటాలతో 1946లో ప్రయాణికుల సేవలు మొదలైనాయి. బేగంపేటనుంచి బెంగళూరు హెచ్.ఎ.ఎల్. విమానాశ్రయానికి 1946లో ఈ సంస్థ నడిపిన విమానమే అక్కడి తొలి ప్రయాణికుల విమానసేవగా నమోదైంది. మద్రాసు - హైదరాబాదు - నాగపూర్ - భోపాల్ - గ్వాలియర్ - ఢిల్లీ మార్గం ఈ సంస్థకు వెన్నెముక.

ఈ మార్గాలను పటంమీద పరిశీలిస్తే సంస్థ ధ్యేయం తెలుస్తుంది. సముద్రతీరం లేని, చుట్టూ బ్రిటిషిండియా భూభాగం ఉన్న సంస్థానానికి ఉత్తరదక్షిణాలతో నేరుగా సంబంధం కల్పించడం ఇందులోని ప్రధానోద్దేశం. టాటా మార్గాలు పశ్చిమతీరాన్ని కేంద్రంగా చేసుకొనగా, దక్కన్ ఎయిర్‌వేస్ హైదరాబాదునే కూడలిగా నిలిపింది.

అయితే పాలకులే ప్రధాన వాటాదారులైన సంస్థ ఆ రాజ్యపు రాజకీయభవితవ్యానికి అతీతంగా ఉండలేదు. 1948లో హైదరాబాదు గగనతలమే వివాదస్థలమైంది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ కరాచీనుంచి బీదరు, వరంగల్లు విమానక్షేత్రాలకు రహస్యంగా ఆయుధాలు చేరవేసిన ఉదంతం ఆ కాలానిదే. ఆ ఏడాది సెప్టెంబరులో జరిగిన పోలీసుచర్యతో సంస్థానం భారతదేశంలో కలిసింది. దానితో ‘సంస్థానానికి సొంత విమానసంస్థ’ అన్న ధ్యేయానికి ఆధారమైన రాజకీయకారణం తొలగిపోయింది. రవాణాకారణం మాత్రం మిగిలింది.

3.3 నియామకాలలో కనిపించే దృక్పథం

ధ్యేయాన్ని పరీక్షించడానికి సిబ్బంది నియామకం మంచి గీటురాయి. 1947లో వాణిజ్యవిమానచోదకుల అనుమతిపత్రం పొందిన ప్రేమ్ మాథుర్‌ను, స్త్రీ అనే కారణంతో పలుసంస్థలు తిరస్కరించాయి. ఆమెకు అవకాశమిచ్చినది దక్కన్ ఎయిర్‌వేస్. దేశంలో వాణిజ్యవిమానం నడిపిన తొలి భారతీయమహిళగా ఆమె పేరు చరిత్రలో నిలవడానికి బేగంపేట వేదికైంది. అయితే సహచోదకురాలి స్థానంనుంచి ఆమెను కెప్టెన్‌గా ఎదగనివ్వడానికి సంస్థ ముందుకు రాలేదు. కొంతకాలానికి ఆమె ఆ ఉద్యోగాన్ని వదలి ఢిల్లీకి వెళ్లారు. ఇతరులకన్నా ఒక అడుగు ముందుకు వేయగలిగిన దృక్పథం రెండవ అడుగు దగ్గర ఆగిపోయిందనడానికి ఇది నిదర్శనం.

3.4 జాతీయీకరణ

యుద్ధానంతరం చౌకగా దొరికిన డకోటాలు విమానసంస్థల సంఖ్యను అవసరానికి మించి పెంచాయి. ఉన్న ప్రయాణికులకన్నా సీట్లు ఎక్కువైనాయి. 1950లో జస్టిస్ రాజాధ్యక్ష అధ్యక్షతన ఏర్పడిన విచారణసంఘం ఈ పరిస్థితిని పరిశీలించి, సంస్థలను విలీనం చేసి సంఖ్యను తగ్గించాలని సూచించింది. చివరకు 1953లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం వచ్చింది. ఆ సంవత్సరం ఆగస్టు 1న దక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది సంస్థల దేశీయసేవలు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయాయి.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. 1951 నవంబరులో నిజాం రైల్వే సెంట్రల్ రైల్వేలో భాగమైంది. అదే నెలలో రోడ్డురవాణాశాఖ హైదరాబాదు రాష్ట్రప్రభుత్వం కిందికి వచ్చింది. 1953లో విమానం కేంద్రకార్పొరేషన్‌కు చేరింది. ఒకే ఛత్రం కింద పుట్టిన మూడు రవాణాసాధనాలు రెండేళ్లలో మూడు దారులు పట్టాయి. వీటిలో బస్సు ఒక్కటే ప్రాంతీయసేవ అనే ధ్యేయాన్ని నిలుపుకొన్నది. రద్దీమార్గాల రాబడితో పల్లెమార్గాల నష్టాన్ని పూడ్చుకొనే పద్ధతి ఆర్టీసీలో ఉంది. లాభంలేని ఊరికీ బస్సు వెళ్లడానికి అదే కారణం. విమానయానంలో రాష్ట్రస్థాయిలో అటువంటి ఏర్పాటు మిగలలేదు. తరువాత అర్ధశతాబ్దంపాటు తెలుగుప్రాంతాలలోని చిన్నపట్టణాలకు విమానసేవలు మొదలవుతూ ఆగుతూ సాగడానికి ఈ చీలిక ఒక కారణమని భావించవచ్చు.

4. సామాన్యుడి విమానం: ఎయిర్ దక్కన్

పేరులో పోలిక ఉన్నా ఎయిర్ దక్కన్‌కు దక్కన్ ఎయిర్‌వేస్‌తో సంబంధం లేదు. కెప్టెన్ జి.ఆర్. గోపీనాథ్ బెంగళూరులో స్థాపించిన ఈ సంస్థ 2003 ఆగస్టులో సేవలు ఆరంభించింది. ప్రతి భారతీయుడూ ఒకసారైనా విమానమెక్కాలన్నది దాని ధ్యేయం. ఆర్.కె. లక్ష్మణ్ గీసిన సామాన్యమానవుడి బొమ్మను సంస్థ తన చిహ్నంగా స్వీకరించింది. ఎనభయ్యో వంతు సమాచారాన్ని వదలి చూసినా, ఈ బొమ్మ ఒక్కటే ఆ ధ్యేయాన్ని చదువురాని వారికీ తెలియజేయగలిగింది. విమానంలో ఉచితభోజనం తీసివేయడం, ఇంటర్నెట్‌లో టికెట్ల అమ్మకం, ఒక్క రూపాయి టికెట్లు వంటి ఏర్పాట్లన్నీ ఆ ధ్యేయంనుంచి వచ్చినవే.

2003 సెప్టెంబరులో హైదరాబాదునుంచి విజయవాడకు బయలుదేరవలసిన తొలి విమానానికి బేగంపేటలోనే ఇంజనులో మంటలు వచ్చాయి. నాటి భాజపా జాతీయాధ్యక్షుడు వెంకయ్యనాయుడు సహా ప్రయాణికులందరూ క్షేమంగా బయటపడ్డారు. కొత్తసంస్థను మూసివేయించగల సంఘటన ఇది. అయినా సంస్థ తట్టుకొని విస్తరించింది. ధ్యేయంపై సిబ్బందికీ ప్రజలకూ గల నమ్మకం సంస్థను సంక్షోభంనుంచి గట్టెక్కించగలదనడానికి ఇది ఉదాహరణ.

కాని నమ్మకం నగదులోటును పూడ్చలేకపోయింది. ఛార్జీ ఖర్చుకన్నా తక్కువైనప్పుడు ప్రయాణికులు పెరిగినకొద్దీ నష్టమూ పెరుగుతుంది. 2007లో కింగ్‌ఫిషర్ పక్షం ఈ సంస్థలో వాటా కొన్నది. 2008లో ఎయిర్ దక్కన్ పేరు మాసిపోయింది. చౌకవిమానమనే ఆలోచన మాత్రం ఇతరసంస్థల ద్వారా దేశమంతటా స్థిరపడింది. సంస్థ ఓడి, ధ్యేయం గెలిచిన సందర్భమిది.

5. శంషాబాద్ కేంద్రంగా ట్రూజెట్

5.1 ఆవిర్భావం

టర్బో మేఘా ఎయిర్‌వేస్ అనే హైదరాబాదు సంస్థ ‘ట్రూజెట్’ పేరుతో 2015 జూలై 12న శంషాబాద్‌నుంచి సేవలు ప్రారంభించింది. సినీనటుడు రామ్‌చరణ్ భాగస్వామ్యం వల్ల తెలుగునాట దీనికి వెంటనే గుర్తింపు వచ్చింది. గోదావరి పుష్కరాలు అదే నెల 14న మొదలైనాయి. తిరుపతి, రాజమహేంద్రవరం, షిర్డీయాత్రికులకు దగ్గరైన ఔరంగాబాదు తొలినాళ్లలో సంస్థ ఎంచుకొన్న గమ్యాలు. తెలుగువారి యాత్రామార్గాలను విమానమార్గాలుగా మార్చే ప్రయత్నం ఇందులో ఉంది. చిన్న రన్‌వేలపై దిగగల, సుమారు డెబ్బైమంది ప్రయాణించగల ఏటీఆర్-72 విమానాల ఎంపిక కూడా ధ్యేయానికి తగినదే.

5.2 ఉడాన్ పథకం

2016లో కేంద్రప్రభుత్వం ప్రకటించిన ఉడాన్ పథకం ఈ ధ్యేయానికి ఆర్థికాధారం కల్పించింది. సుమారు గంట ప్రయాణానికి 2,500 రూపాయల గరిష్ఠఛార్జీతో సగం సీట్లు కేటాయించాలని నాడు నిర్దేశించారు. అందువల్ల కలిగే లోటును మూడేళ్లపాటు ప్రభుత్వనిధి భర్తీ చేస్తుంది. ప్రధానమార్గాల విమానాలపై విధించిన సుంకంనుంచి, రాష్ట్రాల వాటానుంచి ఆ నిధి సమకూరుతుంది. ఆర్టీసీలో రద్దీమార్గం పల్లెమార్గాన్ని పోషించే సూత్రమే ఇక్కడ జాతీయస్థాయిలో కనిపిస్తుంది.

2017 ఏప్రిల్ 27న పథకం ఆరంభమైనప్పుడు సిమ్లా - ఢిల్లీ విమానంతోపాటు కడప - హైదరాబాదు, నాందేడ్ - హైదరాబాదు విమానాలకు ప్రధానమంత్రి పచ్చజెండా ఊపారు. ఈ చివరి రెండూ ట్రూజెట్‌వే. కడప విమానాశ్రయం నవీకరణ పొంది 2015 జూన్‌లో ప్రారంభమైనా, నిలకడైన సేవలకోసం ఎదురుచూస్తున్న కాలమది. తరువాత బళ్లారి సమీపంలోని విద్యానగర్‌కూ ట్రూజెట్ సేవలు నడిచాయి. 1932నాటి తపాలామార్గంలోని బళ్లారి ప్రాంతం ఈ విధంగా మళ్లీ విమానపటంలోకి రావడం విశేషం.

5.3 పతనం

2020 మార్చి 25నుంచి రెండునెలలపాటు దేశీయవిమానాలు పూర్తిగా నిలిచిపోయాయి. పెద్దసంస్థలు అప్పుతోనో, కొత్త మూలధనంతోనో ఆ కాలాన్ని దాటాయి. చిన్నసంస్థకు అటువంటి నిల్వ ఉండదు. విమానాల అద్దె డాలర్లలో చెల్లించాలి, రాబడి రూపాయలలో వస్తుంది. ఇంధనధర పెరిగినా గరిష్ఠఛార్జీ ఉన్న సీట్లపై ఆ భారాన్ని మోపే వీలు పరిమితం. మూడేళ్ల సహాయం ముగిసిన మార్గం సొంతకాళ్లపై నిలవాలి. 2022 ఆరంభంలో ట్రూజెట్ సేవలు ఆగిపోయాయి.

ఇక్కడ ఆ తరువాతి పరిణామం ముఖ్యమైనది. 2022 మార్చి చివరనుంచి కడపకు ఇండిగో విమానాలు నడవడం మొదలైంది. లోటుభర్తీకి రాష్ట్రప్రభుత్వం అంగీకరించడంవల్ల ఇది సాధ్యమైంది. సంస్థ మారింది, మార్గం నిలిచింది. అంటే కడపప్రయాణికుడికి సేవ అందడం సంస్థ ధ్యేయంకన్నా లోటు భరించే ఒప్పందంపైనే ఎక్కువగా ఆధారపడిందని తేలుతుంది.

6. పోలికకు రెండు సంస్థలు

విజయవాడ కేంద్రంగా 2013 అక్టోబరులో మొదలైన ఎయిర్ కోస్టా కూడా ద్వితీయశ్రేణి నగరాలను కలపడమే ధ్యేయంగా ప్రకటించింది. ఎంబ్రేయర్ జెట్ విమానాలను ఎంచుకొన్నది. నాలుగు విమానాల స్థాయిలో ఉండగానే, 2014లో యాభై కొత్తవిమానాలకు ఆర్డరు ప్రకటించింది. 2017 ఫిబ్రవరి చివర సేవలు నిలిపివేసింది. ట్రూజెట్ ధ్యేయానికి తగిన చిన్నవిమానాన్ని ఎంచుకొన్నది. ఎయిర్ కోస్టా ఆశయానికీ వనరులకూ మధ్య దూరం పెంచుకొన్నది. రెండింటి ముగింపూ ఒక్కటే కావడం ధ్యేయం, విమానాల ఎంపిక మాత్రమే సరిపోవనడానికి ఆధారం.

2006లో మొదలైన ఇండిగో ధ్యేయం ఆదర్శాలతో కూడినది కాదు. తక్కువ ఛార్జీ, సమయపాలన, మర్యాదతో కూడిన సేవ అనే మూడు అంశాలకే అది పరిమితమైంది. ఒకే రకం విమానాలు, పెద్దమొత్తంలో కొనుగోలు, తక్కువ వ్యవధిలో విమానాన్ని మళ్లీ ఎగరవేయడం అనే పద్ధతులు ఆ ధ్యేయాన్ని దినచర్యగా మార్చాయి. 2017 డిసెంబరులో ఒకే రకమనే నియమాన్ని సడలించి, హైదరాబాదునుంచి ఏటీఆర్ సేవలు ఆరంభించింది. ట్రూజెట్ ఏకైకక్షేత్రమైన చిన్నపట్టణాలు పెద్దసంస్థకు ఒక శాఖ మాత్రమే. అక్కడి నష్టాన్ని అది ఇతరమార్గాల రాబడితో భరించగలదు.

అయితే పరిమితధ్యేయమూ పరీక్షకు అతీతం కాదు. 2025 డిసెంబరు మొదటివారంలో ఆ సంస్థ దేశవ్యాప్తంగా వేలకొద్దీ విమానాలను రద్దు చేయవలసివచ్చింది. శంషాబాద్‌లోనూ ప్రయాణికులు గంటలతరబడి నిరీక్షించారు. విమానచోదకుల విధి, విశ్రాంతివేళలపై వచ్చిన కొత్తనిబంధనలకు తగినంత సిబ్బంది సిద్ధంగా లేకపోవడం ఇందుకు ప్రధానకారణం. ఆ నిబంధనలు 2024లోనే ప్రకటితమైనవి. సమయపాలన ధ్యేయమైన సంస్థలో, దానిని నిలబెట్టే మనుషుల లెక్కే తప్పింది. పొదుపు ఒక హద్దు దాటితే ధ్యేయాన్నే దెబ్బతీస్తుందని ఈ సంఘటన తెలియజేస్తుంది.

7. తులనాత్మక పరిశీలన

పై సంస్థలను మూడు కొలతలతో చూస్తే కొన్ని విషయాలు స్పష్టమవుతాయి. దక్కన్ ఎయిర్‌వేస్ విడిసంస్థగా ఎనిమిదేళ్లకు మించి లేదు. అయినా హైదరాబాదును దక్షిణభారత విమానకూడలిగా నిలిపింది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ తన కేంద్రశిక్షణసంస్థను ఈ నగరంలోనే నడపడం ఈ వైమానిక సంప్రదాయానికి కొనసాగింపు. ఎయిర్ దక్కన్ లాభంలోను, మనుగడలోను విఫలమై, ప్రజల అలవాటును మార్చడంలో నెగ్గింది. ట్రూజెట్ కొత్తపట్టణాలకు దారి చూపింది, ఆ దారిలో తాను నిలవలేకపోయింది. ఇండిగో మనుగడలోను, విస్తృతిలోను ముందున్నది. చిన్నపట్టణానికి సేవ మాత్రం అక్కడ మూలధ్యేయం కాదు, లెక్క కుదిరినప్పుడు చేసే పని.

నిర్వహణశాస్త్రం చెప్పే సూత్రాన్ని ఇక్కడ కొంత సవరించుకోవలసి ఉంది. ధ్యేయం సిబ్బందికి ఉత్సాహాన్ని, ప్రజలకు నమ్మకాన్ని, సంస్థకు ప్రత్యేకతను ఇస్తుంది. కాని జనసంచారం పలుచగా ఉన్న మార్గంలో నష్టం ముందే తెలిసిన విషయం. దానిని పాలకులు, ఇతరమార్గాల ప్రయాణికులు, ప్రభుత్వనిధి, వాటాదారులలో ఎవరో ఒకరు భరించాలి. ఎవరు, ఎంతకాలం అన్నది తేలనిచోట గొప్పధ్యేయం సైతం కొన్నేళ్లకు మించి నడవలేదు.

8. ముగింపు

ఈ పరిశీలనవల్ల తేలిన అంశాలు:

1. బేగంపేట కాలంలో విమానయానాన్ని రైలు, బస్సులతో కలిసిన రవాణావ్యవస్థలో భాగంగా చూసిన దృక్పథం హైదరాబాదు ప్రత్యేకత. 1951-53 మధ్య ఆ వ్యవస్థ చీలిపోవడంతో ప్రాంతీయవిమానయానం ఆధారం కోల్పోయింది.

2. ధ్యేయాన్ని ప్రకటనలలో కాక మార్గాలు, విమానాలు, ఛార్జీలు, నియామకాలలో వెదకాలి. ప్రేమ్ మాథుర్ ఉదంతం, 2025నాటి విమానాల రద్దు ఈ విషయాన్ని రెండు వేర్వేరు కాలాలనుంచి తెలుపుతాయి.

3. సంస్థ విజయం, ధ్యేయం విజయం ఒక్కటి కావు. ఎయిర్ దక్కన్, ట్రూజెట్ సంస్థలు మూతపడ్డాయి. చౌకప్రయాణం, కడప విమానమార్గం నిలిచాయి.

4. ప్రాంతీయసేవ ధ్యేయమైనప్పుడు నష్టాన్ని భరించే ఏర్పాటు ఆ ధ్యేయంలో అంతర్భాగం కావాలి.

ఈ ప్రశ్న చరిత్రకే పరిమితమైనది కాదు. తెలంగాణలో ప్రయాణికుల విమానాలు నడుస్తున్న వాణిజ్యవిమానాశ్రయం నేటికీ శంషాబాద్ ఒక్కటే. నిజాంకాలపు వరంగల్లు మామునూరు విమానక్షేత్రాన్ని పునరుద్ధరించే ప్రతిపాదనకు 2025లో కేంద్రం ఆమోదం లభించింది. రేపు అక్కడ రన్‌వే సిద్ధమైనప్పుడు తొలివిమానం ఏ సంస్థదన్న ఆసక్తి సహజం. దానికన్నా, సగం సీట్లు ఖాళీగా ఎగిరే రోజుల్లో ఆ ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకు ముందుగా సమాధానం సిద్ధం కావాలి. కడప అనుభవం వరంగల్లుకు చెబుతున్నది ఇదే.